రాయికోడ్ మండలంలో వైద్య చిత్రణ సేవల అందుబాటు: యంత్రం, సిబ్బంది, దూరం

వ్యాససంగ్రహం

ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ స్కానింగు, సి.టి., ఎం.ఆర్.ఐ. పరీక్షలన్నింటినీ కలిపి ఈ వ్యాసం 'వైద్య చిత్రణ' అని వ్యవహరిస్తుంది. గ్రామీణ ప్రాంతంలో ఈ సేవల లోటును సాధారణంగా యంత్రాల సంఖ్యతో కొలుస్తారు. ఈ కొలత చాలదని, పరీక్షకోసం ఏది ప్రయాణం చేయవలసి వస్తుందో ముందుగా విడదీసి చూడాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. రక్తపరీక్షలో నమూనా ప్రయాణిస్తుంది. ఎక్స్‌రేలో తీసిన చిత్రం ప్రయాణించగలదు. అల్ట్రాసౌండులో వైద్యుడు గాని, రోగి గాని స్వయంగా వెళ్లక తప్పదు. సంగారెడ్డి జిల్లా రాయికోడ్ మండలాన్ని ఉదాహరణగా తీసుకొని, ఈ మూడింటికీ మూడు వేర్వేరు పరిష్కారాలు అవసరమని వివరించడం వ్యాసోద్దేశం.

కీలకపదాలు: రాయికోడ్, జహీరాబాద్, ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్, రేడియోగ్రాఫరు, రేడియాలజిస్టు, గర్భస్థ లింగనిర్ధారణ నిషేధ చట్టం, గ్రామీణ వైద్యం.

1. ప్రవేశిక

ప్రజలు వైద్య చిత్రణను 'ఫోటో తీయించడం', 'స్కానింగుకు పోవడం' అనే మాటలతో చెప్పుకుంటారు. ఈ రెండు మాటలలోనూ 'పోవడం' అనే భావం ఇమిడి ఉంది. మందు ఊరికి వస్తుంది, సూది ఊరికి వస్తుంది, ఆశా కార్యకర్త ఇంటికే వస్తుంది. స్కానింగుకు మాత్రం మనిషే పోవాలి. ఎంత దూరం, ఎన్నిసార్లు, ఎవరి తోడుతో పోవాలన్నదే గ్రామీణ ప్రాంతంలో ఈ సేవ అందుబాటును నిర్ణయిస్తుంది.

ప్రపంచ స్థాయిలో ఈ అసమానతను 2021లో 'లాన్సెట్ ఆంకాలజీ' పత్రిక కమిషన్ నివేదిక విపులంగా చర్చించింది. అధికాదాయ దేశాలలో ప్రతి పది లక్షల జనాభాకు దాదాపు 40 సి.టి. యంత్రాలు ఉండగా, అల్పాదాయ దేశాలలో ఒకటి ఉండటమే కష్టం. దేశాల మధ్య కనిపించే ఈ అంతరమే ఒకే జిల్లాలోని రెండు మండలాల మధ్య కూడా కనిపించవచ్చు. అయితే జిల్లా సగటు దానిని కప్పివేస్తుంది. రాయికోడ్ వంటి మండలాన్ని విడిగా పరిశీలించవలసిన అవసరం ఇందువల్లనే కలుగుతున్నది.

2. రాయికోడ్: భౌగోళిక, పాలనా నేపథ్యం

పూర్వపు మెదక్ జిల్లాలోని రాయికోడ్ మండలం 2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో సంగారెడ్డి జిల్లాలో చేరింది. రెవెన్యూ పాలనలో ఇది జహీరాబాద్ డివిజనుకు చెందినది. జహీరాబాద్, మొగుడంపల్లి, న్యాల్‌కల్, ఝరాసంగం, కోహీర్ మండలాలు దీనికి తోడున్నవి. శాసనసభకు మాత్రం ఈ మండలం అందోలు నియోజకవర్గంలో భాగం.

సంగారెడ్డి జిల్లాకు రెండు ముఖాలున్నాయి. తూర్పున హైదరాబాదును ఆనుకొని పటాన్‌చెరు, రామచంద్రాపురం, అమీన్‌పూర్ ప్రాంతాలు పరిశ్రమలతో, కొత్త నివాసాలతో నిండి ఉన్నాయి. పడమర కర్ణాటక సరిహద్దు వైపు మంజీర పరీవాహకంలోని వ్యవసాయ మండలాలున్నాయి. రాయికోడ్ ఈ రెండవ ముఖానికి చెందినది. జిల్లాలో ఎన్ని స్కానింగు కేంద్రాలున్నాయని లెక్కిస్తే పటాన్‌చెరు వైపు కేంద్రాలు కూడా ఆ లెక్కలోకి వస్తాయి. రాయికోడ్ రైతు కుటుంబానికి ఆ సంఖ్యతో ప్రయోజనం స్వల్పం.

రాయికోడ్ వాసులకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మొదటి మెట్టు. దాని తరువాత జహీరాబాదులోని ఏరియా ఆసుపత్రి, ఆపైన సంగారెడ్డిలోని ప్రభుత్వ ప్రధాన ఆసుపత్రి, చివరకు హైదరాబాదులోని బోధనాసుపత్రులు వస్తాయి. జహీరాబాదు నుండి 65వ జాతీయ రహదారి మీద సంగారెడ్డి సుమారు 50 కిలోమీటర్లు, హైదరాబాదు సుమారు 100 కిలోమీటర్లు. మరోవైపు జహీరాబాదుకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో కర్ణాటకలోని బీదర్ పట్టణముంది. అక్కడ 2007 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తున్నది. సంగారెడ్డిలో ప్రభుత్వ వైద్య కళాశాల 2022లో ప్రారంభమైంది. అంటే రాయికోడ్‌కు ఇరువైపులా రెండు రాష్ట్రాల వైద్య కళాశాలలున్నాయి. ఉన్నత స్థాయి సేవలు దగ్గరికి వస్తున్న మాట వాస్తవమే. మొదటి మెట్టు దగ్గర ఏమి లభిస్తుందన్న ప్రశ్న మాత్రం అలాగే మిగులుతుంది.

భారత ప్రజారోగ్య ప్రమాణాలు మైదాన ప్రాంతంలో 30,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని, 1,20,000 జనాభాకు ఒక సామాజిక ఆరోగ్య కేంద్రాన్ని సూచిస్తాయి. ఎక్స్‌రే యంత్రం, దానిని నడిపే రేడియోగ్రాఫరు సామాజిక ఆరోగ్య కేంద్రం స్థాయి నుండి మొదలవుతాయి. కాబట్టి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఎక్స్‌రే లేకపోవడం ఏ ఒక్క కేంద్రం లోపమూ కాదు, వ్యవస్థ నిర్మాణమే అటువంటిది.

3. పరీక్షలో ప్రయాణించేది ఏది?

తెలంగాణ ప్రభుత్వం 2018లో హైదరాబాదులో 'తెలంగాణ డయాగ్నస్టిక్స్' కేంద్ర ప్రయోగశాలను ప్రారంభించి, 2021 జూనులో సంగారెడ్డితో సహా 19 జిల్లాలకు విస్తరించింది. ఈ పథకం సూత్రం సరళమైనది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తనమూనా తీస్తారు. వాహనం దానిని జిల్లా కేంద్రానికి చేరుస్తుంది. ఫలితం ఫోనుకు, ఆరోగ్య కేంద్రానికి వస్తుంది. రోగి ఊరు దాటనవసరం లేదు. ఖరీదైన యంత్రాలు ఒకేచోట ఉండటం వల్ల అవి రోజంతా పనిచేస్తాయి.

ఈ నమూనా విజయానికి మూలం రక్తాన్ని శరీరం నుండి వేరుచేసి పంపగలగడం. విరిగిన ఎముకను గాని, గర్భస్థ శిశువును గాని సీసాలో పెట్టి పంపలేము. అందువల్ల రక్తపరీక్షలకు పనికివచ్చిన ఏర్పాటు చిత్రణకు యథాతథంగా పనికిరాదు.

చిత్రణలో మళ్లీ రెండు విధాలున్నాయి. ఎక్స్‌రే, సి.టి., ఎం.ఆర్.ఐ. పరీక్షలలో చిత్రం తీయడం, చదవడం రెండు వేర్వేరు పనులు. మొదటిది రేడియోగ్రాఫరు చేస్తాడు, రెండవది రేడియాలజిస్టు చేస్తాడు. ఇద్దరూ ఒకేచోట ఉండనవసరం లేదు. డిజిటల్ చిత్రాన్ని అంతర్జాలం ద్వారా పంపి దూరాన ఉన్న నిపుణునిచేత చదివించవచ్చు. దీనినే టెలిరేడియాలజీ అంటారు. 2015లో జాతీయ ఆరోగ్య మిషన్ ప్రకటించిన ఉచిత రోగనిర్ధారణ సేవల కార్యక్రమంలో ఇది కూడా ఒక భాగం.

అల్ట్రాసౌండ్ ఇందుకు భిన్నమైనది. ఇందులో తీయడం, చదవడం ఒకే క్షణంలో జరుగుతాయి. పరికరాన్ని ఏ కోణంలో వంచాలి, ఎక్కడ ఆపాలి, దేనిని మరోసారి చూడాలి అన్న నిర్ణయాలన్నీ తెరను చూస్తూనే తీసుకోవాలి. చేతికి దొరకని దృశ్యం నిలిపి దాచిన చిత్రంలోనూ ఉండదు. అందుచేత దాచిన చిత్రాలను దూరం నుండి చదివించడం వల్ల పరీక్ష చేసే వైద్యుని అవసరం తీరదు.

ఈ విభజనను గుర్తిస్తే పరిష్కారాలు కూడా విడిపోతాయి. నమూనా ప్రయాణించే చోట వాహనం కావాలి. చిత్రం ప్రయాణించే చోట యంత్రం, రేడియోగ్రాఫరు, అంతర్జాలం కావాలి. వైద్యుడే ఉండవలసిన చోట వైద్యుని సమయం కావాలి.

4. ఎక్స్‌రే: యంత్రం వెనుక మనిషి

ఎక్స్‌రే యంత్రం కొనడం ఒక్కరోజు నిర్ణయం. దానిని నడపడం ఏళ్ల తరబడి సాగే బాధ్యత. స్థిరమైన ఎక్స్‌రే యంత్రానికి బలమైన విద్యుత్తు సరఫరా, తగిన మందం గల గోడలున్న గది, సీసం పొదిగిన తలుపు అవసరం. వికిరణ రక్షణ నియమాలు దీనికి వర్తిస్తాయి. 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి నుండి అనుమతి లేకుండా యంత్రాన్ని నడపరాదు. యంత్రం దగ్గర పనిచేసే సిబ్బందికి వికిరణ మోతాదును కొలిచే బ్యాడ్జీ ఉండాలి. ఈ నిబంధనలలో ఏ ఒక్కటి నెరవేరకపోయినా యంత్రం గదిలో ఉంటుంది, సేవ ఉండదు.

వీటన్నింటిలో సులభంగా కనిపించని లోటు సిబ్బంది. ఒక ఆసుపత్రికి ఒక రేడియోగ్రాఫరు ఉన్నాడంటే పోస్టు నిండినట్లే లెక్క. వారానికి 168 గంటలుంటాయి. ఒక ఉద్యోగి వారానికి 48 గంటలు పనిచేస్తాడనుకుంటే రోజంతా సేవ అందడానికి కనీసం 3.5 మంది, అంటే నలుగురు అవసరం. సెలవులను ఇంకా లెక్కించలేదు. జాతీయ రహదారి మీద రాత్రి జరిగే ప్రమాదానికి, సాయంత్రం చెట్టుమీది నుండి పడిన కూలీకి ఉదయం తొమ్మిది గంటల పోస్టు ఉపయోగపడదు. వారిని పైఆసుపత్రికి పంపుతారు. దస్తావేజులలో అది 'రెఫరల్'గా నమోదవుతుంది. రేడియోగ్రాఫరు లేని కారణం చాలాసార్లు అందులో కనిపించదు.

ఎక్స్‌రే ప్రాధాన్యాన్ని క్షయవ్యాధి మరింత స్పష్టంగా చూపుతుంది. 2019-2021 మధ్య దేశవ్యాప్తంగా జరిగిన జాతీయ క్షయ ప్రాబల్య సర్వేలో, ఛాతీ ఎక్స్‌రే తీయకుండా లక్షణాలను మాత్రమే అడిగి ఉంటే 42.6 శాతం కేసులు బయటపడకుండా పోయేవని తేలింది. దగ్గు లేని క్షయను మాటలతో పట్టుకోలేమని దీని సారాంశం. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 15 ఏళ్లు దాటినవారి ఛాతీ ఎక్స్‌రేలను క్షయ పరిశీలన కోసం కంప్యూటరు సాఫ్ట్‌వేర్‌తో చదివించడాన్ని ఆమోదించింది. 2024 డిసెంబరు 7న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన వందరోజుల క్షయ నిర్మూలన ఉద్యమంలో చేతితో మోయగల ఎక్స్‌రే యంత్రాలు గ్రామాలకు వెళ్లాయి. ఇక్కడ యంత్రమే ప్రయాణించింది. అయినా దానిని పట్టుకొని సురక్షితంగా వాడగల శిక్షితుడు వెంట ఉండవలసిందే. క్షయ కోసం తయారైన సాఫ్ట్‌వేర్ ఎముక విరుగుడును చదువుతుందని ఆశించడమూ సరికాదు.

5. ఖాళీ, కొరత: గణాంకాలను చదివే పద్ధతి

కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ వెలువరించే గ్రామీణ ఆరోగ్య గణాంకాలలో రేడియోగ్రాఫర్లకు ప్రత్యేక పట్టిక ఉంటుంది. పరిశోధకులు అందులోని రెండు మాటలను జాగ్రత్తగా వేరు చేయాలి. మంజూరైన పోస్టులలో నిండనివి 'ఖాళీలు'. ప్రమాణం ప్రకారం ఉండవలసిన సంఖ్యకూ, వాస్తవంగా ఉన్న సంఖ్యకూ మధ్య తేడా 'కొరత'. మంజూరే కాని పోస్టు ఎన్నటికీ ఖాళీగా కనబడదు. అందువల్ల ఖాళీలు లేని జిల్లాలో కూడా కొరత ఉండవచ్చు.

రాయికోడ్ వంటి మండలం ఈ రెండు పట్టికలకూ అందదు. ప్రమాణం సామాజిక ఆరోగ్య కేంద్రం నుండి మొదలవుతుంది కాబట్టి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మాత్రమే ఉన్న మండలంలో రేడియోగ్రాఫరు లేకపోవడం ఖాళీ కిందికి రాదు, కొరత కిందికీ రాదు. ఆ లోటు ప్రజల ప్రయాణంలో మాత్రమే నమోదవుతుంది. గణాంకాలపై ఆధారపడే పరిశోధన గుర్తించవలసిన పరిమితి ఇది.

6. అల్ట్రాసౌండ్: చట్టం, వైద్యుడు, గడువు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాల ప్రకారం ప్రతి గర్భిణికి 24 వారాలలోపు కనీసం ఒక అల్ట్రాసౌండ్ జరగాలి. శిశువు అవయవ లోపాలను గుర్తించే టిఫా స్కానింగును సాధారణంగా 18 నుండి 22 వారాల మధ్య చేస్తారు. ఈ పరీక్షకు గడువు ఉంది. 2021లో సవరించిన వైద్యపర గర్భవిచ్ఛిత్తి చట్టం ప్రకారం నిర్దిష్ట సందర్భాలలో 24 వారాల వరకు ఇద్దరు వైద్యుల అభిప్రాయం సరిపోతుంది. ఆ తరువాత తీవ్రమైన శిశులోపం కనిపిస్తే ప్రత్యేక వైద్యమండలిని ఆశ్రయించాలి. 19వ వారంలో జరగవలసిన స్కానింగు 25వ వారానికి జారితే కుటుంబం ముందున్న దారులు మారిపోతాయి. నెలన్నర ఆలస్యం వైద్యసమస్యను చట్టసమస్యగా కూడా మారుస్తుంది.

2022 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం 44 ఆసుపత్రులలో 56 టిఫా యంత్రాలను ప్రారంభించింది. యంత్రాల వైపు ఇది పెద్ద ముందడుగు. వైద్యుని సమయం ఎంత అవసరమో కూడా లెక్కించి చూడవచ్చు. తెలంగాణలో జననాల రేటు వెయ్యికి సుమారు 16. ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పరిధిలోని 30,000 జనాభాలో ఏటా సుమారు 480 కాన్పులు, అంటే నెలకు 40 జరుగుతాయి. ప్రతి గర్భిణికి రెండు స్కానింగులు చొప్పున నెలకు 80, వారానికి 18 నుండి 20 పరీక్షలవుతాయి. ఒక్కొక్క పరీక్షకు 20 నిమిషాలు పట్టినా ఆరు గంటలలో 18 పరీక్షలు చేయవచ్చు. మొత్తంమీద 30,000 జనాభాకు వారానికి ఒక్క వైద్యదినం దాదాపు సరిపోతుంది. రోజూ ఉండే రేడియాలజిస్టు ఈ మండలానికి అవసరం లేదు. వారానికి ఒకరోజు తప్పక వచ్చే శిక్షిత వైద్యుడు అవసరం.

అయితే ఒకే వైద్యుడు సోమవారం ఒక మండలంలో, మంగళవారం మరొక మండలంలో తిరుగుతూ ఆరు మండలాలకు సేవ చేయవచ్చునా? చట్టం ఇందుకు అంగీకరించదు. గర్భస్థ లింగనిర్ధారణను నిషేధించే 1994 నాటి చట్టం 1996 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది, 2003లో మరింత కఠినమైంది. ప్రతి కేంద్రం నమోదు కావాలి, ప్రతి గర్భిణి స్కానింగుకు ఫారం-ఎఫ్ నింపాలి, ప్రతి నెల 5వ తేదీలోగా నివేదిక పంపాలి. 2012 సవరణ ప్రకారం ఒక వైద్యుడు ఒక జిల్లాలో గరిష్ఠంగా రెండు కేంద్రాలలో మాత్రమే నమోదు కావచ్చు, అక్కడ అతని పనివేళలు ప్రకటించాలి. చేతిలో పట్టుకుపోయే యంత్రాన్ని కూడా నమోదైన ఆసుపత్రిలోని రోగులకు గాని, నిర్దేశిత సంచార వైద్య వాహనంలో గాని మాత్రమే వాడాలి.

ఈ కఠినత్వానికి బలమైన కారణముంది. సంచిలో మోసుకుపోగల యంత్రం ఆడపిల్లను పుట్టకముందే ఏరివేసే సాధనంగా మారిన చరిత్ర ఈ దేశానిది. కాబట్టి నిబంధనను సడలించమనడం సరైన పరిష్కారం కాదు. కాని ఆడశిశువు రక్షణ కోసం చేసిన నియమం వల్ల దూరప్రాంత గర్భిణి మీద పడే ప్రయాణభారాన్ని ఎవరు భరించాలన్న ప్రశ్నకు సమాధానం వెదకాలి. సమాజం అంతటి మేలుకోసం పెట్టిన నియమం ఖర్చును మారుమూల గర్భిణి ఒక్కతే మోయడం న్యాయం కాదు. ఆ భారం ప్రభుత్వానిదే కావాలి.

లెక్క కూడా ఇదే చెబుతుంది. జహీరాబాద్ ఆసుపత్రిలో నమోదైన వైద్యుడు మరొక్క కేంద్రానికి మాత్రమే వెళ్లగలడు. డివిజనులోని మిగిలిన ఐదు మండలాలకు సేవ చేరాలంటే అటువంటి వైద్యులు ఐదుగురు కావాలి. సమయం లెక్కన అంతకంటే తక్కువ మంది చేయగల పనికి చట్టం లెక్కన ఐదుగురు అవసరమవుతున్నారు. రేడియాలజిస్టులు దేశమంతటా అరుదైన తరుణంలో ఇది అంత సులభం కాదు.

7. దూరం మోపే ఖర్చు

2023 డిసెంబరు 9 నుండి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ప్రయాణం ఉచితమైంది. రాష్ట్ర సరిహద్దు వరకే ఈ సౌకర్యం వర్తిస్తుంది. బీదరుకు పోయే గర్భిణి సరిహద్దు దాటాక టిక్కెట్టు కొనాలి. ఈ విధంగా ఉచిత ప్రయాణం రోగులను జహీరాబాదు, సంగారెడ్డి దిశగా నడిపిస్తుంది.

టిక్కెట్టు పోయినా రోజు పోవడం ఆగలేదు. 2024-25లో తెలంగాణలో ఉపాధి హామీ దినకూలీ 300 రూపాయలు. స్కానింగుకు పోయే స్త్రీకి తోడు ఒకరు కావాలి. ఒకరోజు పరీక్ష, మరొకరోజు నివేదిక అంటే ఇద్దరికి నాలుగు కూలిదినాలు, 1,200 రూపాయలు నష్టం. వైద్యుడు లేని రోజున వెళ్లి తిరిగివస్తే మరో 600 రూపాయలు. ఉచిత పరీక్షకు కట్టే ఈ ధర ఏ రశీదులోనూ ఉండదు. ఒకసారి ఉత్తచేతులతో తిరిగివచ్చిన కుటుంబం రెండవసారి డబ్బు అప్పుచేసి ప్రైవేటు కేంద్రానికి వెళ్తుంది, లేదా పరీక్షనే మానుకుంటుంది.

8. పరిష్కార దిశలు

పై చర్చ ఆధారంగా మూడు సూచనలు చేయవచ్చు.

మొదటిది, ఎక్స్‌రేకు సంబంధించినది. జహీరాబాద్ డివిజనులో చిత్రం తీసే చోటును ప్రజలకు దగ్గరగా, చదివే చోటును నిపుణులకు దగ్గరగా ఉంచవచ్చు. సంగారెడ్డి వైద్య కళాశాల రేడియాలజీ విభాగం చదివే కేంద్రంగా పనిచేస్తే నివేదిక కోసం రెండవ ప్రయాణం తప్పుతుంది. మండల స్థాయిలో కావలసినది శిక్షణ పొందిన రేడియోగ్రాఫరు. మంజూరు ఉత్తర్వులో యంత్రంతో పాటు పోస్టును కూడా చేర్చడం దీనికి తొలి షరతు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం రేడియోగ్రాఫర్ల వృత్తికి గుర్తింపునిచ్చింది. దూరమండలాలలో పనిచేసేవారికి వసతి, ప్రోత్సాహకం కల్పించడం ఇందుకు కొనసాగింపు కావాలి.

రెండవది, అల్ట్రాసౌండుకు సంబంధించినది. 2014 నియమాలు ఎం.బి.బి.ఎస్. వైద్యులకు ఆరు నెలల అల్ట్రాసౌండ్ శిక్షణను నిర్దేశించాయి. ఈ మార్గంలో స్థానిక వైద్యాధికారులు శిక్షణ పొందితే ప్రాథమిక స్థాయి పరీక్షలు వారి చేతికి వస్తాయి. సందేహం కలిగిన కేసులు, టిఫా పరీక్షలు మాత్రమే జహీరాబాదుకు వెళ్తాయి. చట్టం విధించిన రెండు కేంద్రాల పరిమితిని ఉల్లంఘించకుండా సేవను విస్తరించే దారి ఇది.

మూడవది, తేదీకి సంబంధించినది. 2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ ప్రతి నెల 9వ తేదీని గర్భిణుల పరీక్షాదినంగా నిర్ణయించింది. నిర్ణీతదినం అనే ఆలోచన మంచిది. అయితే నెలకు 80 పరీక్షలను ఒకేరోజు చేయడం అసాధ్యం. మండలానికి వారంలో ఒక రోజును కేటాయించి, ఆశా కార్యకర్త ద్వారా పేరు, వేళ ముందే తెలిపి, ఆ రోజున వైద్యుడు రాకపోతే ముందురోజే కబురు అందించే ఏర్పాటు ఉండాలి. దీనికి కొత్త యంత్రం అవసరం లేదు. ఒక జాబితా, ఒక ఫోను, మాట నిలబెట్టుకొనే పద్ధతి చాలు.

9. ముగింపు

వైద్య చిత్రణ అందుబాటును 'యంత్రం ఉన్నదా?' అన్న ప్రశ్నతో కొలిస్తే జవాబు తొందరగా దొరుకుతుంది. 'ఈ వారం, ఈ మండలం నుండి వెళ్లిన గర్భిణి ఒక్క ప్రయాణంలో నివేదికతో తిరిగివచ్చిందా?' అన్న ప్రశ్నకు జవాబు వెదకడం కష్టం. అయినా సేవను సరిగా కొలిచే ప్రశ్న అదే. నమూనా, చిత్రం, మనిషి - ఈ మూడింటిలో పరీక్షకోసం ఏది ప్రయాణించాలో తేల్చుకొన్న తరువాతనే యంత్రాన్ని ఎక్కడ పెట్టాలో, ఎవరిని నియమించాలో నిర్ణయించడం ఉచితం.

రాయికోడ్ విషయంలో తేలిన లెక్క ఆశాజనకమైనది. 30,000 జనాభాకు వారానికి ఒక వైద్యదినం పెద్ద కోరిక కాదు. ఆ ఒక్కరోజు నమ్మకంగా దొరకకపోవడం వల్లనే 19వ వారం 25వ వారంగా మారుతుంది. ఆసుపత్రి వారీగా ప్రయాణాల సంఖ్యను, ఉత్తచేతులతో తిరిగివచ్చిన సందర్భాలను మండల స్థాయిలో నమోదు చేసే క్షేత్రపరిశోధన ఈ దిశలో జరగవలసి ఉంది. జహీరాబాద్ డివిజనులోని డిగ్రీ కళాశాలల అధ్యాపకులు, పరిశోధక విద్యార్థులు చేపట్టదగిన పని ఇది.